కార్తేజి పతనము – మన బట్టల దారి

(కొడకండ్లలో చేసిన ఉపన్యాసపాఠము)



రెండువేల యేండ్ల క్రిందట మధ్యధరాసముద్ర తీరమున జరిగిన యుద్ధముల ముచ్చట కొడకండ్లలో నేల యని మీలో కొందరికి తోచవచ్చును. ఇది నేతవారి యూరు. నేసిన బట్ట యే దారిని పోవునో, ఆ దారి యెవరి చేతిలో నుండునో యను విచారము మీకు క్రొత్త కాదు. ఆ యుద్ధములు పెక్కు అట్టి దారి కొరకు జరిగినవే.

కార్తేజి ఆఫ్రికా యుత్తరతీరమునందలి వర్తకనగరము. ఓడలే దాని బలము. సైన్యము చాలవరకు జీతపు సైన్యము. రోమునకు మొదట చెప్పదగిన నౌకాబలము లేదు. క్రీ.పూ. 264లో సిసిలీ ద్వీపమునకై పోరు మొదలుకాగా, రోమనులు తమకు చిక్కిన కార్తేజి యోడ నొకదానిని నమూనాగా నుంచుకొని నూరు పెద్ద యోడలను కట్టిరని పాలిబియసు వ్రాసెను. శత్రువు విద్యను శత్రువు వద్దనే నేర్చుటకు వారు సిగ్గుపడలేదు. ఇరువదిమూడేండ్లకు సిసిలీ వారి కైవసమయ్యెను.

రెండవ యుద్ధమున హానిబాలు ఆల్ప్సు పర్వతములను దాటి, క్రీ.పూ. 216లో కానే వద్ద రోము సేనను తుడిచిపెట్టెను. అట్టి సేనాని యుండియు కార్తేజి క్రీ.పూ. 202లో జామా వద్ద ఓడిపోయెను. పది యోడలు తప్ప తక్కిన యుద్ధనౌకల నెల్ల అప్పగింపవలెననియు, రోము సెలవు లేక యుద్ధము చేయరాదనియు సంధి జరిగెను. హానిబాలు విజయముల కంటె నీ షరతే మాకు ముఖ్యముగా తోచుచున్నది. పొరుగు నుమిడియా రాజు మసినిస్సా భూములను కొంచెము కొంచెముగా కబళించుచుండ, రోమునకు మొరపెట్టుకొనుటయే వారి పనియయ్యెను. తుదకు ఓర్వలేక కత్తి పట్టగా, అదియే నేరమయ్యెను.

క్రీ.పూ. 149లో కార్తేజివారు మూడువందలమంది బిడ్డలను పూచీగా నిచ్చిరి, ఆయుధములను నిచ్చివేసిరి. అన్నియు చేజిక్కిన పిదప రోము తన కడపటి యాజ్ఞను బయటపెట్టెను: నగరమును విడిచి, సముద్రమునకు పదిమైళ్ల యావల కాపురముండవలెను! వర్తకునకు రేవు తీసివేసి బ్రదుకుమనుట, నేతగానికి మగ్గము తీసివేసి నేయుమనుట వంటిది. వారు తిరుగబడిరి. మూడేండ్ల ముట్టడి పిమ్మట క్రీ.పూ. 146లో నగరము బూడిదయయ్యెను. ఆ యేడే గ్రీసునందలి కొరింథునకును అదే గతి పట్టెను.

క్రీ.పూ. 31లో ఆక్టియము వద్ద ఆంటొనీ, క్లియోపాత్రాల నౌకలు చెదరగా, మరు సంవత్సరము ఈజిప్టు రోమునకు చిక్కెను. ఎఱ్ఱసముద్రపు రేవులును దానితోడనే పోయెను. అచ్చటి యొక రేవునుండి నూటయిరువది యోడలు హిందూదేశమునకు సాగుచుండెనని స్ట్రాబో చెప్పెను. తెలుగుతీరమైన మసాలియాలో సన్నబట్టలు విరివిగా నేయుదురని ‘పెరిప్లసు’ అను నావికగ్రంథము తెలుపుచున్నది. ఏటేట ఐదుకోట్ల సెస్టర్సులు హిందూదేశము పాలగుచున్నవని ప్లినీ వాపోయెను. ఆ సొమ్ము జాడ చూడగోరువారు దూరము పోనక్కఱలేదు: మన నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో అగస్టసు, టైబీరియసుల వెండినాణెములు దొరికినవి.

అయినను మన రేవులు నిశ్చింతగా నుండెనా? కల్యాణి రేవునకు వచ్చిన గ్రీకు ఓడలను కాపలాతో భరుకచ్ఛమునకు మళ్లించుట కలదని ఆ ‘పెరిప్లసే’ చెప్పుచున్నది. శాతవాహనుల సరకు క్షత్రపుల రేవున దిగవలసివచ్చెను. గౌతమీపుత్ర శాతకర్ణి నహపాణుని జయించి, అతని నాణెములపైననే తన ముద్ర వేయించెను. జోగల్‌తంబి రాశిలో నట్టివి వేలకొలది కలవు. తరువాతి శాతవాహనుల సీసపు నాణెములపై రెండు కొయ్యల తెరచాప యోడ కానవచ్చును. ఆ నాణెములు దొరికినది తూర్పుతీరమున.