అగ్నిముఖమున లోహము
(అమ్రోలిలో తెలుగు ఉద్యోగుల సమావేశమున చదివిన ప్రసంగ పాఠము)



అమ్రోలి తాపీనదికి ఉత్తరపు గట్టున నున్నది. వంతెన దాటినచో కతార్‌గామ్. మగ్గములతోను, వజ్రములు సానపట్టు చక్రములతోను బ్రతుకు ఈ నగరవాసులకు యంత్రము అరుగునని వేరుగా చెప్పనక్కరలేదు. అరిగిన భాగమును తీసి క్రొత్తది బిగింతురు. ఆ పూట పని ఆగును, అంతియే. ముప్పదివేల అడుగుల ఎత్తున పోవు విమానమునకు అట్టి వెసులుబాటు లేదు. కనుక జెట్ ఇంజనులోని టర్బైను భాగములు వేడికి ఎట్లు అరుగునో, ఆ అరుగుదలను మానవుడు ఎట్లు అదుపులో నుంచుచున్నాడో తెలిసికొనుట అవసరము.

ఇంజను ముందుభాగమున కంప్రెసరు గాలిని పీల్చి అదుమును. ఆ గాలిలో ఇంధనము మండును. మండిన వాయువు టర్బైను బ్లేడులను త్రిప్పుచు వెనుకకు పోవును. నేటి పెద్ద ఇంజనులలో ఆ వాయువు వేడి 1,500 డిగ్రీల సెంటిగ్రేడును దాటుచున్నది. బ్లేడునకు వాడు నికెలు మిశ్రలోహము 1,350 డిగ్రీల ప్రాంతముననే కరగును. అయినను బ్లేడు కరగకుండుటకు కారణములు రెండు. బ్లేడు లోపల సన్నని దారులు కలవు. కంప్రెసరు నుండి తెచ్చిన గాలి వానిలో ప్రవహించి, పైనున్న రంధ్రముల గుండా వెలువడి, బ్లేడు చుట్టును పలుచని పొరవలె నిలుచును. రెండవది, ఇట్రియా కలిపిన జిర్కోనియా పూత. దీని మందము మిల్లీమీటరులో నాలుగవ వంతునకు మించదు. అయినను లోహమునకు తగులు వేడిని నూరు డిగ్రీలకు పైగా తగ్గింపగలదు.

ఇంత చేసినను అరుగుదల ఆగదు. తడిబట్టలు మోయు దండెము నానాటికి జారునట్లు, వేగముగా తిరుగు బ్లేడు ఆ లాగుడుకు వెండ్రుకవాసి చొప్పున సాగును. లోహము వేడి పదునైదు డిగ్రీలు పెరిగినచో, ఈ సాగుడు వలన దాని ఆయుస్సు దాదాపు సగమగును. ఇంజను వేడెక్కి చల్లారిన ప్రతిసారియు లోహము వ్యాకోచించి సంకోచించును. దానివలన సన్నని పగుళ్లు పుట్టును. సముద్రపు ఉప్పు ఇంధనములోని గంధకముతో కూడి లోహమును తినును. ఎడారి ధూళి కరగి గాజువలె పూతపై అంటుకొని, చల్లారినప్పుడు పూతను పెచ్చులుగా ఊడదీయును.

ఈ సమరమున తెలుగునేలకును పాత్ర కలదు. హైదరాబాదునందు 1963లో రక్షణ లోహ పరిశోధనశాల ఏర్పడినది. 1973లో స్థాపితమైన మిశ్రధాతు నిగమ్ అచటనే ప్రత్యేక మిశ్రలోహములను తయారుచేయుచున్నది. సాధారణ లోహము అనేక రేణువుల కూర్పు. మిక్కిలి వేడిలో రేణువుల మధ్యనున్న సరిహద్దులే ముందుగా సడలును. సరిహద్దే లేకుండ బ్లేడునంతను ఒకే స్ఫటికముగా పోతపోయుట కొలది దేశములకు మాత్రమే అలవడిన విద్య. ఆ పరిశోధనశాల హెలికాప్టరు ఇంజను కొరకు అట్టి 60 బ్లేడులను చేసి, హిందూస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థకు అందించినట్లు 2021 ఏప్రిలులో ప్రకటింపబడినది. ఆంధ్ర సరిహద్దునకు ఆవల, కోరాపుట్ జిల్లా సునాబేడలో, ఆ సంస్థవారి ఇంజనుల కర్మాగారము 1960వ దశకము నుండి యుద్ధవిమానముల ఇంజనులను నిర్మించుచు, మరమ్మతు చేయుచున్నది.

అయితే మంచి లోహ మొక్కటే చాలదు. 1985 ఆగస్టు 22న మాంచెస్టరు విమానాశ్రయమున ఒక బోయింగు 737 పైకి లేవబోవుచుండగా, ఎడమ ఇంజనులోని దహనపాత్ర ఒకటి బ్రద్దలైనది. దాని ముక్క రెక్కక్రింది ఇంధనపు తొట్టికి రంధ్రము చేయగా మంట లేచినది. విమానములోని 137 మందిలో 55 మంది మరణించిరి. ఆ పాత్ర వేడికి పగిలి, అంతకుముందే అతుకువేయబడినది. ఆ ఇంజను మందకొడిగా పుంజుకొనుచున్నదని విమానపు లాగుపుస్తకమున వ్రాయబడియే యున్నది. వ్రాత యున్నది, దాని అర్థము మాత్రము సకాలమున గ్రహింపబడలేదు.

ఈ కారణముననే ప్రతి ఇంజనునకు ఒక ఆయుర్దాయపు లెక్క ఉండును. ఎన్ని గంటలు నడచినది, ఎన్నిమారులు వేడెక్కి చల్లారినది, వాయువు వేడి ఎప్పుడు హద్దు మీరినది — అన్నియు వ్రాయుదురు. బోరోస్కోపు అను సన్నని దూరదర్శిని లోపలికి జొనిపి బ్లేడులను పరీక్షింతురు. పూత పోయినచో మరల వేయుదురు. బ్లేడులను పట్టియుంచు చక్రము కంటికి నిక్షేపముగా కనబడుచున్నను, నియమిత సంఖ్య నిండగానే దానిని తొలగింతురు. సూరత్ సమీపమున కవాస్‌లోని గ్యాసు విద్యుత్కేంద్రమునందలి టర్బైనులకును ఇట్టి లెక్కయే ఆధారము.

కార్యాలయములలో రిజిస్టరు వ్రాయుట చిన్నపనియని తలచువారు కలరు. వేడిని తట్టు లోహమును శాస్త్రజ్ఞుడు ఇచ్చును. అది ఎన్నాళ్లు తట్టగలదో చెప్పునది శ్రద్ధగా నింపిన ఆ పుటయే. దానిని వ్రాయువాడు తప్పు వ్రాయరాదు. చదువువాడు చూడక సంతకము చేయరాదు. విమానములో కూర్చున్నవారు ఆ యిరువురి ముఖములను ఎన్నడును చూడరు. అయినను వారి ప్రాణములు ఆ యిరువురి చేతులలోనే యున్నవి.