గుప్పిట్లో ఇమిడే కెమెరాలు

రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిన జపాన్ 1952 దాకా మిత్రరాజ్యాల ఆధీనంలో ఉంది. ఆ రోజుల్లో అక్కడ ‘హిట్’ తరహా బుల్లి కెమెరాలు విరివిగా తయారయ్యాయి. 17.5 మిల్లీమీటర్ల ఫిల్మ్, 14 మిల్లీమీటర్ల చదరపు బొమ్మ. ఫొటోలు అంతంతమాత్రమే. నిజం చెప్పాలంటే ఆటవస్తువులే! అయినా ‘మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్’ అన్న ముద్ర కనిపిస్తే సేకర్తలు వదలరు. కెమెరా ఏ కాలానిదో ఆ ముద్రే చెబుతుంది మరి.

మినాక్స్ సంగతి వేరు. వాల్టర్ జాప్ రూపొందించిన ఈ కెమెరా మొదట లాత్వియాలోని రీగాలో, యుద్ధం తర్వాత జర్మనీలో తయారైంది. నెగెటివ్ 8 × 11 మిల్లీమీటర్లే. ఒళ్ళు సాగదీసి మూస్తే ఫిల్మ్ ముందుకు జరుగుతుంది. దాని గొలుసు అలంకారం కాదు, కాగితాలను దగ్గరగా ఫొటో తీసేటప్పుడు దూరం కొలిచే సాధనం. గూఢచారులకు నచ్చదూ మరి!

ఇలాంటి పాత కెమెరాలు కొనేవారు ముందు లెన్సులో బూజు ఉందేమో చూడాలి. మినోల్టా 16 లాంటి బుల్లి కెమెరాలైతే ఫిల్మ్ నింపే డబ్బీ కూడా అడిగి తీసుకోండి. అది లేకపోతే కెమెరా అద్దాల బీరువాకే పరిమితం.