కొండదారి - సైకిలు - వైద్యుని సలహా



సైకిలు తొక్కుట ఆరోగ్యప్రదమని మనమందఱ మెఱుగుదుము. పెద్దలు వారమునకు 150 మొదలు 300 నిమిషములవఱకు మితమైన వ్యాయామము సేయవలెనని ప్రపంచారోగ్యసంస్థ 2020లో సూచించినది. అంతమాత్రమున అందఱికిని ఒకే కొలత తగునా? తగదని మా మనవి.

విశాఖ తీరమునుండి అనంతగిరి ఘాటుమీదుగా అరకు చేరుటకు సుమారు 115 కిలోమీటర్ల దారి కలదు. 900 మీటర్లకు పైబడి ఎక్కవలెను. మైదానమునకు అలవడిన గుండెకు ఇది పరీక్షయే. రక్తపుపోటు, మధుమేహము, ఆయాసము, ఛాతినొప్పి గలవారు ముందుగా వైద్యుని కలియుట పిఱికితనము గాదు, వివేకము.

ఇక కొండబిడ్డల మాట. మన్యపు గిరిజనులలో కొందఱికి సికిల్‌సెల్ వ్యాధి పుట్టుకతోడనే వచ్చుచున్నది. ఎఱ్ఱకణములు కొడవలివలె వంగి సన్నని నాళముల నడ్డగించును. ఎముకలు, కీళ్లు భరింపరాని నొప్పి పెట్టును. 1910లో హెరిక్ అను వైద్యుడు చికాగోలో దీనిని వర్ణించెను. 1952లో మన దేశమున నీలగిరి గిరిజనులయందు కనుగొనబడెను. నీరు చాలకున్నను, చలి తగిలినను, శక్తికి మించి శ్రమించినను నొప్పి విజృంభించును. అట్టి బాలుడు ఎగుడుదారిలో సైకిలు దిగి కూర్చున్నచో సోమరియని గద్దించుట ఎంత అన్యాయము!

వైద్యశాస్త్రము అతనిని సైకిలు విడిచిపెట్టుమనదు. తఱచు నీరు త్రాగుము, ఆగి ఆగి తొక్కుము, చలిలో తడియకుము, నొప్పి తోచినంతనే నిలుపుము అనును. ఆ లక్షణమును మోయుటయేగాని వ్యాధి లేనివారు సాధారణముగా ఆరోగ్యవంతులే; అయినను వారును ఎండలో దప్పికతో మితిమీరి శ్రమింపరాదు. తలిదండ్రు లిరువురును అట్టివారైనచో, ప్రతి కాన్పునను బిడ్డకు వ్యాధి కలుగుటకు నాలుగింట నొకపాలు అవకాశము కలదు. కావున రక్తపరీక్ష అత్యావశ్యకము.

ఈ వ్యాధిని 2047 నాటికి నిర్మూలింపవలెనని కేంద్రప్రభుత్వము 2023 జూలై 1న జాతీయ కార్యక్రమము నారంభించినది. సంతోషమే. కాని పరీక్షచేసి చేతికొక కార్డు నిచ్చిన చాలునా? దాని యర్థమును కువి భాషలోను, ఆదివాసీ ఒడియాలోను విప్పిచెప్పువా రుండవలదా? రోగిని డోలీలో మోయుచున్న పల్లెకు సలహాయే నడచిపోవలెను. 2018లో మన రాష్ట్ర గిరిజన ప్రాంతములందు బైకు అంబులెన్సులు ప్రవేశపెట్టబడెను. రోగిని క్రిందికి దించుటకు రెండు చక్రములు పనికివచ్చినపుడు, వైద్యుని మాటను పైకెక్కించుటకు పనికిరావా?

పట్టణవాసులారా! అరకు అందములను సైకిలుపై చూచిరండు. బయలుదేరుటకు ముందు మీరు వైద్యుని అడుగగల ప్రశ్నను ఆ కొండపల్లె తల్లియు తన బిడ్డకొఱకు అడుగగలుగవలెను. ఆమె భాషలో ఆమెకు సమాధానము దొరకవలెను. అది దయ గాదు, ఆమె హక్కు. ఆ హక్కుకై గొంతెత్తుట మన విధి.