చుట్కీ తప్పేమిటి?

(బాలికా సంఘాలతో పనిచేసే కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పొద్దుటి నుండి ఇక్కడ బాల్యవివాహాల గురించీ, బడి మానేసిన ఆడపిల్లల గురించీ మాట్లాడుకుంటున్నాం. ఇంత బరువైన చర్చల మధ్య నేను లేచి బొమ్మల సీరియల్ గురించి మాట్లాడతానంటే కొందరికి నవ్వు రావచ్చు. కానీ మనం పిల్లలతో గడిపేది వారానికి ఒక గంటో, రెండు గంటలో. ఆ బొమ్మలు వాళ్ళతో రోజూ గడుపుతాయి. వాటిని చూసి పిల్లలు మనుషుల్ని ఎలా తూకం వేయడం నేర్చుకుంటున్నారో మనకు తెలియకపోతే ఎలా?

నేను చెప్పబోయేది ‘ఛోటా భీమ్’ గురించి. ఇది ఎక్కడి నుంచో దిగుమతి అయిన సరుకు కాదు. హైదరాబాద్‌లో రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ దీన్ని తయారుచేసింది. 2008లో పోగో చానెల్‌లో మొదలైంది. ఢోలక్‌పూర్ అనే ఊరు. అందులో తొమ్మిదేళ్ళ బలశాలి భీమ్, అతని స్నేహితులు చుట్కీ, చిన్నవాడు రాజు, మాట్లాడే కోతి జగ్గు. భీమ్‌ను చూసి అసూయపడే కాలియా, అతని వెనకాల తిరిగే కవలలు ఢోలు, భోలు. రాజా ఇంద్రవర్మ కూతురు ఇందుమతి. పిల్లలకు వీళ్ళందరూ పక్కింటి వాళ్ళకంటే ఎక్కువ తెలుసు.

కిందటి వేసవిలో నగరంలోని ఒక బస్తీలో శిబిరం నడిపాం. ఒక మధ్యాహ్నం ఎండకు బయటికి పోలేక పిల్లలతో చర్చ పెట్టించాను. బోర్డు మీద కొన్ని పేర్లు రాసి, ఒక్కో పేరు కింద రెండు గళ్ళు గీశాను. ఒకటి గుణాలకు, రెండోది దోషాలకు.

కాలియా దోషాల గడి క్షణంలో నిండిపోయింది. ‘నల్లగుంటడు’, ‘లావుగుంటడు’, ‘తిండిపోతు’. మొదటి మాట అన్న పిల్ల తనూ నలుపే. కాలియా పేరులోనే నలుపు ఉంది. హిందీ, ఉర్దూ వింటూ పెరిగే మన పిల్లలకు అది ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. అప్పుడు నేనొక షరతు పెట్టాను. మనిషి ఎలా ఉన్నాడన్నది దోషం కాదు, ఏం చేశాడన్నదే చెప్పాలి. ఏ కథలో చేశాడో కూడా చెప్పాలి. దాంతో బోర్డు మీది మాటలు చెరిపేయవలసి వచ్చింది. ‘లడ్డూలు భీమ్ గూడ తింటడు గద. గాయన తింటే బలం, కాలియా తింటే తిండిపోతా?’ అని ఒక కుర్రాడు అడిగాడు. తిండిపోతు అన్న మాటా పోయింది. చివరికి మిగిలినవి అసూయ, మోసం, చిన్నవాళ్ళను దబాయించడం. ఇవి నిజమైన దోషాలు. ఎవరైనా మార్చుకోగలిగిన దోషాలు కూడా.

భీమ్‌కు దోషమే లేదని మగపిల్లలు పట్టుబట్టారు. ‘ఏదొచ్చినా కొట్టుడే గద’ అని ఆడపిల్లలు ఎదురు నిలిచారు. చాలాసేపు వాదులాడుకుని, ‘కొడతాడు’ అన్న మాటను రెండు గళ్ళకూ మధ్య గీత మీద రాశారు.

చుట్కీ దగ్గరికి వచ్చేసరికి నిశ్శబ్దం. గుణాల గడి నిండింది. మంచిది, ధైర్యం ఉంది, ఇంట్లో తల్లికి సాయం చేస్తుంది, భీమ్‌కు లడ్డూలు ఇస్తుంది. దోషాల గడి ఖాళీ. ‘గామెకు తప్పులేం లేవక్కా’ అన్నారు. సరే, ఆమెకు ఏమంటే ఇష్టం, ఏమంటే కోపం, పెద్దయ్యాక ఏం కావాలనుకుంటుంది అని అడిగాను. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మంచితనం తప్ప ఆమె గురించి వాళ్ళకు చెప్పడానికి ఏమీ లేదు.

అప్పుడొక అమ్మాయి ‘డోరేమాన్’ను చర్చలోకి తెచ్చింది. జపాన్‌లో ఫుజికో ఎఫ్. ఫుజియో 1969లో మొదలుపెట్టిన బొమ్మల కథ అది. అందులో నోబితాకు అన్నీ దోషాలే. సున్నా మార్కులు, బద్ధకం, ఏడుపు. అయినా అందరికీ ముద్దు. జియాన్ పాట చెవులు పగిలేలా ఉంటుంది. అయినా సభపెట్టి, అందర్నీ కూచోబెట్టి మరీ పాడతాడు. షిజుకా వయొలిన్ కూడా అంత ఘోరంగానే ఉంటుంది. ఆమెకు కాల్చిన చిలగడ దుంపలంటే ప్రాణం. కానీ ఎవరైనా నవ్వుతారని ఆ ఇష్టాన్ని దాచుకుంటుంది. తేడా గమనించండి. మగపిల్లవాడు తన దోషాన్ని ఊరందరి చేత భరింపజేస్తాడు. ఆడపిల్ల తన ఇష్టాన్నే దోషంలాగా దాచుకుంటుంది.

ఇదంతా పిల్లల ఆట అని మీరు అనవచ్చు. పెద్దవాళ్ళు ఏం చేశారో చెప్తాను. భీమ్ పెద్దవాడై ఇందుమతిని పెళ్ళి చేసుకున్నాడని 2020 జూన్‌లో ఒక పుకారు పుట్టింది. సామాజిక మాధ్యమాల్లో ‘చుట్కీకి న్యాయం’ అని పెద్ద గోల జరిగింది. చాలామంది సరదాకే రాశారు, నిజమే. కానీ సరదాలో వాడిన తర్కం చూడండి. ఇన్నేళ్ళు లడ్డూలు పెట్టింది చుట్కీ, పెళ్ళి మాత్రం రాజుగారి కూతురితోనా? అంటే చాకిరీకి కూలి పెళ్ళి. కూలి ఎగ్గొట్టారు కాబట్టి అన్యాయం. ఆమె అసలు ఈ పెళ్ళి కోరుకుందా అని అడిగినవాళ్ళు నాకు కనిపించలేదు. చివరికి వీళ్ళింకా పిల్లలు, పెళ్ళీ ప్రేమా వీళ్ళ జీవితాల్లోకి తేవద్దని ఆ కంపెనీయే ప్రకటన ఇచ్చుకోవలసి వచ్చింది. బాల్యవివాహాల మీద పనిచేసే మనం అనవలసిన మాట ఒక బొమ్మల కంపెనీ అన్నది.

మిత్రులారా, ఈ తర్కం మనకు కొత్త కాదు. మా సలహా కేంద్రానికి దెబ్బలు తిని వచ్చే స్త్రీ మొదట దెబ్బల గురించి చెప్పదు. ‘నేనెన్నడూ ఎదురు మాట్లాడలేదమ్మా, యాళకు వండిపెట్టిన’ అని మొదలుపెడుతుంది. తన దోషాల గడి ఖాళీగా ఉందని ముందు రుజువు చేసుకోవాలి. అప్పుడే తన మాట వింటారని ఆమెకు ఎవరో చిన్నప్పుడే నేర్పారు. మనం కూడా ఆమెకు అదే నేర్పుతున్నామా? ఒకసారి ఒక కేసు కాగితంలో నేనే ‘ఈమె ఎంతో ఓర్పు గల ఇల్లాలు’ అని రాశాను. సాయం చేస్తున్నాననుకునే రాశాను. ఓర్పు లేని ఇల్లాలైతే కొట్టవచ్చా అన్న ప్రశ్న ఆ రోజు నాకు తట్టలేదు.

చట్టమూ చాలాకాలం ఇలాగే తూచింది. అత్యాచారం కేసులో ఫిర్యాదు చేసిన స్త్రీ నడత మంచిది కాదని చూపి, ఆమె మాట నమ్మదగింది కాదని వాదించే వీలు 1872 నాటి సాక్ష్య చట్టంలో ఉండేది. స్త్రీల ఉద్యమాల ఒత్తిడి వల్ల, 2002 నాటి సవరణ చట్టంతో గానీ ఆ నిబంధన పోలేదు. 2005 గృహహింస చట్టం రక్షణ కోరి వచ్చిన స్త్రీని నువ్వు మంచి ఇల్లాలివేనా అని అడగదు. కాగితం మీద ఇంతవరకు వచ్చాం. మన నాలుకల మీదికి ఇంకా రాలేదు. హక్కు మంచితనానికి ఇచ్చే బహుమతి కాదు. కోపిష్టికీ, బద్ధకస్తురాలికీ, అబద్ధాలాడే దానికీ కూడా దెబ్బలు తినకుండా బతికే హక్కు ఉంది. ఈ మాట పెద్దయ్యాక కౌన్సెలింగ్‌లో చెప్తే ఆలస్యమవుతుంది.

అందుకే మీ మీ సంఘాల్లో ఈ చర్చ పెట్టి చూడమని కోరుతున్నాను. ఖర్చు లేదు, ఒక బోర్డు, సుద్దముక్క చాలు. మూడు విషయాలు మరవకండి. రూపాన్ని దోషంగా రాయనివ్వకండి. ఏ మాటకైనా కథలోంచి రుజువు అడగండి. ఆడపిల్ల దోషాల గడి ఖాళీగా ఉంటే దాన్ని మెచ్చుకుని ముందుకు పోకండి, అక్కడే ఆగండి. జవాబు మాత్రం మీరు చెప్పకండి.

మా శిబిరం ఆఖరి రోజున చుట్కీ దోషాల గడిలో ఎవరో రాసి ఉంచారు: ‘తను లడ్డూ తినదు’. దాని మీద మళ్ళీ గొడవ. ఏదో కథలో తిన్నదని ఒకరు, పెట్టి తినకపోవడం గుణమని ఇంకొకరు, కాదు దోషమని మరొకరు. నలుపని అన్న ఆ పిల్లే లేచి, ‘గది చుట్కీ తప్పు కాదక్కా, కథ రాసినోళ్ళ తప్పు’ అన్నది. రాసినవాళ్ళకు బోర్డు మీద గడి లేదు. పిల్లలే ఒకటి గీశారు. ఆ గడి నిండకముందే శిబిరం గంట కొట్టాం.