మైకుసెట్టు యాంప్లిఫయరుకు గిటారు తగిలిస్తే
(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నాకంటే ముందు మాట్లాడినవాళ్ళు డాక్టర్లు, లెక్చరర్లు. నేను నంద్యాలలో రేడియోలు, టీవీలు రిపేరు చేసుకుంటూ బతికినవాణ్ణి. "నీకు తెలిసినదాని గురించే చెప్పప్పా" అన్నారు మన కార్యదర్శి గారు. అందుకని ఒక పాత యాంప్లిఫయరు సంగతి చెబుతాను.

మా మిత్రుడొకాయన మనవడు ఇంజనీరింగు చదువుతున్నాడు, ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తాడు. మొన్న ఎండాకాలం సెలవులకు అవుకుకు వచ్చినప్పుడు వాళ్ళ అటక మీద మైకుసెట్టు యాంప్లిఫయరు ఒకటి దొరికింది. ఇనుప పెట్టె, పేరు చెరిగిపోయింది, లోపల గాజు వాల్వులు. ఇంట్లోవాళ్ళు పాత ఇనుప సామాన్లవాడికి వేద్దామన్నారు. ట్రాన్స్‌ఫార్మర్లలో ఉన్న రాగికి నాలుగు డబ్బులొస్తాయి కదా. వాడు మాత్రం దాన్ని మోసుకొచ్చి నా బల్ల మీద పెట్టి, "తాతా, దీన్ని గిటారుకు పెట్టుకోవచ్చా?" అన్నాడు.

పెట్టుకోవచ్చు. అసలు గిటారు యాంప్లిఫయర్ల పుట్టుకే మా రిపేరు దుకాణాల్లో. అమెరికాలో లియో ఫెండర్ అనే ఆయన 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు దుకాణం పెట్టాడు. ఆయనకు గిటారు వాయించడం రాదు. అయినా ఆయన తయారుచేసిన గిటార్లు, యాంప్లిఫయర్లు లోకమంతా వాడింది. 1960ల మొదట్లో లండన్‌లో జిమ్ మార్షల్ అనే డ్రమ్ములాయన దుకాణంలో, ఫెండర్ వారి బాస్‌మ్యాన్ సర్క్యూటును చూసి, అక్కడ దొరికే సామాన్లతో తమది కట్టుకున్నారు. వాటిలో ఉన్నదీ, మన పెళ్ళిళ్ళలో, శ్రీరామనవమి పందిళ్ళలో, పద్య నాటకాల్లో మోగిన మైకుసెట్టులో ఉన్నదీ దాదాపు ఒకే రకం సరుకు. మన దేశంలో బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు కూడా వాల్వులు తయారుచేశారు. ఈ పెట్టెలో రెండింటి మీద వాళ్ళ గుర్తు ఇంకా కనిపిస్తోంది.

వాల్వు ఎట్లా పనిచేస్తుందో సైన్సు సార్లకు నేను చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకు చెబుతా. మన అవుకు రిజర్వాయరు తూము దగ్గర షట్టరు తిప్పే చక్రం ఉంటుంది. మనిషి చేత్తో కొంచెం తిప్పితే కాలువలో ఎంత నీళ్ళు కదులుతాయి! వాల్వు అంతే. లోపల క్యాథోడు వేడెక్కి ఎలక్ట్రాన్లను వదులుతుంది, వందల వోల్టుల ప్లేటు వాటిని లాగుతుంది. మధ్యలో గ్రిడ్డు అనే సన్నటి తీగ. 1906లో లీ డి ఫారెస్ట్ పెట్టిన ఈ తీగే షట్టరు. గిటారు నుంచి వచ్చేది సుమారు వోల్టులో పదో వంతు. అది గ్రిడ్డును కదిలిస్తే, ఈసీసీ 83 అనే చిన్న వాల్వు ఒక్క దశలోనే దాన్ని యాభై రెట్లకు పైగా పెంచుతుంది.

షట్టరు పూర్తిగా ఎత్తేసినాక చక్రం ఇంకా తిప్పితే ఏమవుతుంది? నీళ్ళు పెరగవు. వాల్వులో అప్పుడు స్వరం అంచులు నలిగి, కొత్త స్వరాలు పుడతాయి. మైకుసెట్టువాడికి అది దోషం, "గొంతు చీలుతోంది, తగ్గించు" అని అరుస్తారు. గిటారువాడికి అదే కావాలి. ఒకే పెట్టె, ఒకే కరెంటు, కోరిక తలకిందులు. ఈ పని మొత్తం ఆ ఒక్క తేడా చుట్టూనే తిరిగింది.

అయితే స్వరం సంగతి తర్వాత, ముందు ప్రాణం సంగతి. దానికి రెండు పిన్నుల ప్లగ్గు ఉంది, ఎర్తు లేదు. గిటారు తీగలు పెట్టె లోహానికి కలిసే ఉంటాయి, వాయించేవాడి వేళ్ళు తీగల మీద, పెదాలు మైకుకు దగ్గర. 1972 మేలో వేల్స్‌లోని స్వాన్సీలో లెస్ హార్వే అనే గిటారిస్టు వేదిక మీదే మైకు ముట్టుకుని షాక్‌తో చనిపోయాడు. మన ఇళ్ళలో బేతంచెర్ల బండలు, తడిసిన నేల, ఉత్త కాళ్ళు. అందుకని మొట్టమొదటి మార్పు మూడు పిన్నుల ప్లగ్గు, పెట్టెకు గట్టి ఎర్తు, ఫేజు వైరులో సరైన ఫ్యూజు. మెయిన్సు నుంచి పెట్టెకు వేసిన చిన్న కండెన్సరును పీకేశాను. అది లీకైతే కరెంటు నేరుగా చేతికొస్తుంది.

రెండో జాగ్రత్త ప్లగ్గు పీకినాక. కాలువ కట్టేసినా చెరువులో నీళ్ళుంటాయి గదా! ఫిల్టరు కండెన్సర్లు ఆ చెరువు. స్విచ్చి ఆపినా నాలుగు వందల వోల్టులు వాటిలో నిలబడి ఉండొచ్చు. రెసిస్టెన్సు ద్వారా ఖాళీ చేసి, మీటరు పెట్టి చూసినాకనే చెయ్యి పెట్టాలి. ఇది ఆ పిల్లవాడితో మూడుసార్లు చెప్పించుకున్నాను. నాలుగోసారి "తాతా, చాల్లే" అన్నాడు. అయినా చెప్పించాను.

ఏళ్ళ తరబడి అటక మీదున్న పెట్టెకు ఒకేసారి 230 వోల్టులు ఇవ్వకూడదు. నూరు వాట్ల బల్బును సిరీస్‌లో పెట్టి వెలిగించాం. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే సరే, అట్లాగే భగ్గున వెలుగుతుంటే లోపల షార్టుంది. మాది మసకబారలేదు. ఫిల్టరు కండెన్సర్లు ఎండిపోయి షార్టయ్యాయి. వాటిని, కాగితపు కప్లింగు కండెన్సర్లను మార్చాం. ఈ రెండోవి లీకైతే పవరు వాల్వు ప్లేటు ఎర్రగా కాలి, వాల్వు పోతుంది. ఇంతవరకు చేసింది వైద్యమే, మార్పు కాదు.

తర్వాత గిటారు పని. మైకు ఇన్‌పుట్టు గిటారుకు సరిపోదు, గిటారు పికప్పు బలహీనమైనది. ఇన్‌పుట్టులో పది లక్షల ఓమ్స్, అంటే ఒక మెగా ఓమ్ రెసిస్టెన్సు పెడితేనే దాని పైస్వరాలు చావకుండా ఉంటాయి. గ్రిడ్డుకు ముందు 68 కిలో ఓమ్స్ ఒకటి వేశాం, రేడియో స్టేషన్లు లోపలికి దూరకుండా. మొదటి వాల్వు క్యాథోడు దగ్గరున్న 25 మైక్రో ఫ్యారడ్‌ను తీసి తక్కువది వేస్తే కిందిస్వరాల బురద తగ్గింది. చివరగా నెగెటివ్ ఫీడ్‌బ్యాకు. మాట స్పష్టంగా రావాలని మైకుసెట్టులో దాన్ని గట్టిగా బిగిస్తారు. ఆ రెసిస్టెన్సును పెంచి కొంచెం వదులు చేసేసరికి వాడి ముఖం చూడాలి! అన్నిట్లోకీ వాడికి నచ్చింది అదే.

బూర స్పీకరు మాత్రం పనికిరాదు. గిటారు లావు తీగ సెకనుకు 82 కంపనాలు, బూర అంత కిందికి దిగదు. పన్నెండు అంగుళాల కాగితపు కోను స్పీకరు తెచ్చి, 100 వోల్టుల లైనుకు కాకుండా 8 ఓమ్స్ కొసకు కలిపాం. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను ముట్టుకోలేదు. 6ఎల్6 వాల్వుల జతకు సుమారు 6,600 ఓమ్స్ కావాలి, స్పీకరేమో ఎనిమిది. ఒకవైపు ఇరవై తొమ్మిది చుట్లకు ఇంకోవైపు ఒకటి చొప్పున చుడితేనే ఆ రెండూ కలుస్తాయి. ఈ రోజుల్లో దాన్ని అంత శ్రద్ధగా చుట్టేవాళ్ళు అరుదు. అందుకే స్పీకరు తగిలించకుండా ఎప్పుడూ ఆన్ చేయొద్దని పెట్టె మీదే రాశాను. అట్లా మోగిస్తే వోల్టేజి ఎగదన్ని ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది.

ఒక్క దగ్గర మాకు పేచీ వచ్చింది. వాడు ముందు పలకకు రంధ్రాలు చేసి ఇంకో రెండు నాబులు పెట్టమన్నాడు. నేను చేయనన్నాను. సోల్డరింగుతో మార్చింది ఎప్పుడైనా తిరిగి పెట్టొచ్చు, డ్రిల్లుతో తీసిన ఇనుము తిరిగి రాదు. వాళ్ళ ముత్తాత ఆ పలక మీద సున్నంతో గీసుకున్న గీత ఒకటుంది, వాల్యూము ఇంతకు మించి పెంచొద్దని గుర్తు. వాడు దాన్ని అప్పుడే చూశాడు. ఇంక రంధ్రాల మాట ఎత్తలేదు. తీసేసిన పాత సామాన్లన్నీ ఒక కవరులో కట్టి, ఏది ఎక్కడిదో రాసి, పెట్టె లోపలి గోడకు అంటించాం.

ఇక నా స్వార్థం ఒకటి చెప్పి దిగుతాను. మీ ఇళ్ళలో పాత రేడియోలు, మైకుసెట్లు ఉంటే సామాన్లవాడికి వేసేముందు నాకొక ఫోను కొట్టండి. వాల్వులు దొరికితే గాజును గుడ్డతో తుడవకండి. దాని మీద నంబరు సిరాతో అచ్చేసింది, తుడిస్తే పోతుంది, తర్వాత అది ఏ వాల్వో తెలుసుకోవడం నాకూ కష్టమే.