వార్త రాసే చదువు: ఏ కోర్సు, ఏ విశ్వవిద్యాలయం?
(సొసైటీ వార్షిక సభలో విద్యా ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో ఇంజనీరింగ్, ఫార్మసీ, నర్సింగ్ చదివే పిల్లల లెక్క మీ ముందు పెడుతుంటాము. ఈసారి మరో చదువు గురించి చెప్పాలనుకున్నాము. కారణం మాకు వచ్చిన ఒక దరఖాస్తు.

ఒక దర్జీ గారి అమ్మాయి డిగ్రీ పూర్తి చేసి, జర్నలిజంలో ఎం.ఎ. చదువుతానని రాసింది. ఉపసంఘంలో మాలో మాకే పొంతన కుదరలేదు. ఉద్యోగం ఎక్కడ వస్తుందని ఒకరు, మనవాళ్లకు ఈ వృత్తి ఎందుకని ఒకరు. "రాత్రి డ్యూటీలుంటాయంట సాబ్, ఆడపిల్ల కదా" అని తండ్రికీ దిగులే. అమ్మాయిని పిలిచి అడిగాము. 2020లో కరోనా రోజుల్లో మనవాళ్ల బండ్ల దగ్గర పళ్లు, కూరలు కొనవద్దని ఫోన్లలో సందేశాలు తిరగడం మీకు గుర్తుండే ఉంటుంది. వాళ్ల మామయ్య తోపుడు బండి రెండు నెలలు ఇంటి ముందే ఉండిపోయిందట. "అది అబద్ధమని అందరికీ అర్థమయ్యేట్టు తెలుగులో రాసేవాళ్లు మన వీధిలో ఒక్కరూ లేరు మాస్టారూ" అంది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు.

ఇది మనది కాని వృత్తి ఏమీ కాదు. 1857లో ఢిల్లీలో ఆంగ్లేయులు ప్రాణాలు తీసిన మౌల్వీ ముహమ్మద్ బాఖిర్ పత్రికా సంపాదకుడు. మౌలానా ఆజాద్ 1912లో కలకత్తా నుంచి అల్ హిలాల్ నడిపారు. హైదరాబాదులో 1948లో రజాకార్లను ఎదిరించి రాసినందుకు హత్యకు గురైన షోయబుల్లా ఖాన్ ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు. ఎవరైనా వార్త తెస్తే ముందు నిజానిజాలు విచారించుకోమని హుజురాత్ సూరా మనకు నేర్పుతుంది. ఆ విచారణ నేర్పేదే ఈ చదువు.

అయితే మంచి ఉద్దేశం ఒక్కటే చాలదు. కొన్నేళ్ల కిందట మేమే ఒక పొరపాటు చేశాము. అది దాచుకోవడం అమానత్ కాదు. ఒక అబ్బాయికి ప్రైవేటు సంస్థలో డిప్లొమా ఫీజు కట్టాము. గోడ నిండా టీవీ యాంకర్ల ఫొటోలు, చేరితే చానల్లో ఉద్యోగం ఖాయమన్న మాటలు చూసి నమ్మాము. ఏడాదిలో ఆ పిల్లవాడు కెమెరా పట్టుకున్నది నాలుగు రోజులు. చివరికి ఇచ్చిన సర్టిఫికెట్ మీద ఏ విశ్వవిద్యాలయం పేరూ లేదు. ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తున్నాడు. మేము ఎదురుపడితే తల దించుకుంటాడు. దించుకోవలసింది మేము. డబ్బు కట్టే ముందు అడగవలసినవి అడగలేదు. అందుకే ఈ అమ్మాయి విషయంలో ముందుగా కూర్చుని నాలుగు ప్రశ్నలు రాసుకున్నాము.

మొదటిది, పిల్ల ఏ పని చేయాలనుకుంటోంది? జర్నలిజం అంటే వార్త సేకరించడం, రాయడం, దిద్దడం. కమ్యూనికేషన్ అంటే అంతకంటే విశాలం: ప్రకటనలు, ప్రజా సంబంధాలు, వీడియో నిర్మాణం, ఆరోగ్యం వంటి విషయాలపై ప్రచారం కూడా అందులోకి వస్తాయి. కోర్సు పేరు చూసి సరిపెట్టుకోకుండా ప్రతి సెమిస్టరు పాఠ్యాంశాల పట్టిక తెప్పించుకుని చదవాలి.

రెండవది, ఏ భాషలో? మన పిల్లల్లో చాలామంది ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, చదవడం రాయడం మాత్రం తెలుగులోనే. ఉర్దూ బాగా చదివినవారికి హైదరాబాదులో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. ఇంగ్లీషు గట్టిగా వచ్చినవారు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఢిల్లీలో జామియా మిల్లియాలోని మాస్ కమ్యూనికేషన్ కేంద్రం వంటి వాటికి ప్రయత్నించవచ్చు. తెలుగులో పనిచేయాలనుకునేవారికి ఆంధ్ర, నాగార్జున, ఉస్మానియా విశ్వవిద్యాలయాల శాఖలు ఉన్నాయి. పెద్ద తెలుగు పత్రికలు కొన్ని సొంత పాఠశాలల్లో భృతి ఇచ్చి శిక్షణ ఇస్తాయి. అవి ప్రవేశ పరీక్ష పెట్టి తీసుకుంటాయి, అక్కడ తెలుగు బాగా రాయగలగడమే పెట్టుబడి.

మూడవది, నేర్పేదెవరు, ఎలా? శాఖకు స్వయంగా వెళ్లి చూడాలి. శాశ్వత అధ్యాపకులు ఎందరు, విద్యార్థులు నడిపే ప్రయోగ పత్రిక వస్తోందా, స్టూడియో తాళం తీసి ఉందా, ఇంటర్న్‌షిప్‌కు ఎక్కడికి పంపుతున్నారు, రెండేళ్ల కిందట చదివినవారు ఇప్పుడెక్కడ ఉన్నారు? ఆఖరి ప్రశ్న అక్కడి సీనియర్ విద్యార్థులను అడిగితే నిజం తెలుస్తుంది. పట్టా ఇచ్చే విశ్వవిద్యాలయానికి యుజిసి గుర్తింపు ఉందో లేదో ఆ సంస్థ జాబితాలో చూసుకోవాలి.

నాలుగవది, మొత్తం ఖర్చు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజు ప్రైవేటుతో పోలిస్తే తక్కువే. బరువంతా హాస్టలు, మెస్సు, లాప్‌టాప్ మీద పడుతుంది. ఇంటర్న్‌షిప్ నెలల్లో జీతం ఉండకపోవచ్చు, ఊరు తిరగాలి. పేద పిల్లలు సగంలో ఆగేది అక్కడే.

ఆ అమ్మాయి తెలుగునే ఎంచుకుంది. మాలో ఇద్దరం తండ్రిని వెంటబెట్టుకుని విశ్వవిద్యాలయానికి వెళ్లాము. ఆయన తరగతి గదులకంటే ముందు ఆడపిల్లల హాస్టలు చూశారు, వార్డెన్‌తో మాట్లాడారు. తిరుగు బస్సులో చాలాసేపు మౌనంగా ఉండి, "చదవనివ్వండి" అన్నారు. పీజీసెట్ రాసి సీటు తెచ్చుకుని, ఈ ఏడాదే చేరింది. రేపు ఎంత ఎదుగుతుందో అల్లాహ్‌కే తెలుసు. మేము చేయగలిగిందల్లా ఈసారి కళ్లు తెరిచి పంపడం.

దాతలకు మా మనవి రెండు మాటలు. ఈ చదువుకు కూడా ఏటా ఇద్దరు పిల్లలకు చోటు ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ఫీజుతో ఆపకుండా, ఆఖరి సెమిస్టరు దాకా హాస్టలు, ప్రయాణం ఖర్చులు కలిపి ఇవ్వండి. జకాత్ సొమ్మును ఉలమాల సలహా ప్రకారం అర్హులకే వాడతాము. మిగతాది సదఖా నిధి నుంచి తీస్తాము. ఫీజు నేరుగా విశ్వవిద్యాలయం ఖాతాకే కట్టి, రసీదు మీకు చూపిస్తాము.

మన ఊళ్లో మళ్లీ ఒక అబద్ధం తిరిగిన రోజున, విచారించి నిజం రాసే కలం మన వీధిలోనూ ఉండాలి. అందుకు అల్లాహ్ మనకు తౌఫీఖ్ ప్రసాదించుగాక, ఆమీన్.