తీర్పుకి కూడా ఒక అడ్రస్ ఉంటుంది

వాట్సాప్‌లో "సుప్రీంకోర్టు ఇలా చెప్పింది" అంటూ రోజూ ఏదో ఒక మెసేజ్ వస్తుంది కదా. అలాంటిది చూస్తే నేను మొదట వెతికేది సైటేషన్. అంటే ఆ తీర్పు అడ్రస్.

మన ఫోన్లకి సంబంధించిన కేసే చూద్దాం. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన మెసేజ్ పెడితే మూడేళ్ల దాకా జైలు అనే సెక్షన్ ఒకటి ఐటీ చట్టంలో ఉండేది. అదే 66ఏ. శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

ఆ తీర్పు సైటేషన్: (2015) 5 ఎస్‌సీసీ 1. భయపడకండి, చాలా ఈజీ. 2015 సంవత్సరం. 5 అంటే ఐదో సంపుటం. ఎస్‌సీసీ అంటే సుప్రీంకోర్ట్ కేసెస్, తీర్పులు అచ్చువేసే పుస్తకాల సిరీస్. చివరి 1, తీర్పు మొదలయ్యే పేజీ.

ఇదే తీర్పుకి ఇంకోచోట ఏఐఆర్ 2015 ఎస్‌సీ 1523 అని కనిపిస్తుంది. కన్‌ఫ్యూజ్ అవ్వొద్దు. ఏఐఆర్ అంటే ఆల్ ఇండియా రిపోర్టర్. పుస్తకం వేరు, తీర్పు ఒక్కటే.

ఇలా పబ్లిషర్‌కో నంబర్ ఉంటే ఇబ్బందే కదా. అందుకే 2023లో సుప్రీంకోర్టు తనే నంబర్ ఇవ్వడం మొదలుపెట్టింది. సంవత్సరం, తర్వాత ఐఎన్‌ఎస్‌సీ, తర్వాత తీర్పు నంబర్. దీన్ని న్యూట్రల్ సైటేషన్ అంటారు.

ఇదంతా లాయర్ల గొడవ, మనకెందుకు అంటారా? 66ఏ కొట్టేశాక కూడా పోలీసులు ఆ సెక్షన్ కింద కేసులు పెడుతూనే వచ్చారు. చివరికి 2022 అక్టోబర్‌లో, ఈ సెక్షన్ కింద ఎవరినీ ప్రాసిక్యూట్ చేయొద్దని సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. రేపు ఎవరైనా 66ఏ పేరు చెప్పి బెదిరిస్తే, "ఎక్కడో చదివానండీ" అంటే వినరు. తీర్పు నంబర్ చెబితే ఆగి చూస్తారు. అయితే ఒకటి, ఆన్‌లైన్ పోస్టులకి వర్తించే వేరే సెక్షన్లు ఇంకా ఉన్నాయి. ఏది పడితే అది రాసేయొచ్చని కాదు.

ఇంకో మాట. నంబర్ ఉన్నంత మాత్రాన నిజమని నమ్మేయకండి. 2023లో న్యూయార్క్‌లో లాయర్లు చాట్‌జీపీటీ పుట్టించిన కేసుల్ని కోర్టుకి చూపించి 5,000 డాలర్ల జరిమానా కట్టాల్సి వచ్చింది. సుప్రీంకోర్టు తీర్పులు ఆన్‌లైన్‌లో ఫ్రీగానే దొరుకుతాయి. నంబర్ కొట్టండి, తీర్పు తెరవండి, చదవండి. ఫార్వర్డ్ చేయడం ఆ తర్వాతే.

ఉంటాను మరి.